వెళ్ళొస్తాను అనరాదు

మా ఆఫీసు గేటు పక్క గోడ మీద మూడు బోర్డులుంటాయి. ఒకటి "ఇచ్చట పొగ త్రాగరాదు". రెండోది "ఇచ్చట వాహనములు నిలుపరాదు". మూడోది కిందటి వానాకాలంలో వెలిసింది: "ఇచ్చట 'వెళ్ళొస్తాను' అనరాదు". మొదటి రెండిటినీ ఎవరూ పట్టించుకోరు. మూడోది మాత్రం తిన్నగా వచ్చి నా కాపురం మీద పడింది.

మా సంస్థ కాకినాడ శివార్లలో తలుపులు తయారు చేస్తుంది. పేరు స్థిరద్వార్. "మా తలుపు వేస్తే వేసినట్టే" అని మా లారీల వెనక రాసుంటుంది. అది అక్షరాలా నిజమని ఫిర్యాదుల విభాగంలో పనిచేసే నాకు తెలుసు. వానలు మొదలైతే చాలు, వేసిన తలుపు తెరుచుకోవడం లేదని పొద్దస్తమానం ఫోన్లు. "కాస్త ఎండ రానివ్వండి, అదే వస్తుంది" అని చెప్పడం నా పని. ఒకసారి సామర్లకోట నుంచి ఒక పెద్దాయన స్నానాల గదిలోంచే ఫోన్ చేశాడు. అరగంట కబుర్లు చెప్పుకున్నాం. వాళ్ళ మనవరాలి బారసాలకి నన్ను పిలిచాడు కూడా. నాకు ఆ ఉద్యోగం అంత ఇష్టం.

అప్పటికి నాకు పెళ్ళై నెల. ఆ రోజుల్లో నాకు ప్రతిదీ విశేషమే. కొత్త కుక్కర్ మొదటి కూత కూసినప్పుడు మేమిద్దరం వంటింట్లో నిలబడి చప్పట్లు కొట్టాం. ఒకే తాళానికి రెండు చెవులుంటే, నాది ఒకటి, ఆయనది ఒకటి అని పంచుకుని, ఏదో ఆస్తి పంచుకున్నంత మురిసిపోయాం. "మా ఆయన" అనే మాట నోటికి ఎంత బాగుందంటే, దాన్ని వాడటం కోసమే సంభాషణని అటు తిప్పేదాన్ని. "తలుపు బిగుసుకుందా అండీ? మా ఆయనైతే భుజంతో ఒక్కటిస్తారండీ" అని ఖాతాదారులకి చెప్పేదాన్ని.

మా ఆయన పేరు ఓబులేశు. అనంతపురం వైపు మనిషి. తిరుపతిలో ఎం.కాం. చదివేటప్పుడు పరిచయం. ఎవరి ఉద్యోగం ముందు పర్మినెంటైతే వాళ్ళ ఊళ్ళో కాపురం అని పెళ్ళికి ముందే ఒప్పందం చేసుకున్నాం. నెలాఖరుకి పర్మినెంటు చేస్తామని మా సంస్థ మాటిచ్చింది. ఆయన తన విత్తనాల కంపెనీకి ఆ నెలాఖరు దాకా సెలవు పెట్టి కాకినాడ వచ్చేశారు. నాది పర్మినెంటైతే ఆయన అక్కడ రాజీనామా చేసి ఇక్కడే ఏదో ఒకటి చూసుకుంటారు. కాకపోతే తిరిగి వెళ్ళాల్సిందే. అక్కడ ఆయన ఉద్యోగం నెలంతా పల్లెల వెంట తిరగడం. ఇల్లు తీసుకున్నా అందులో ఉండేది నేనూ, తాళమూ. కుక్కర్ కూతకి చప్పట్లు కొట్టడానికి కనీసం ఇద్దరు కావాలి కదా.

ఇక మా సంస్థకి ఉన్న జబ్బు ఒకటే. మనుషులు నిలవరు. ప్రతి శుక్రవారం ఎవరిదో ఒకరి వీడ్కోలు సభ. ఒక శుక్రవారం శాలువాలు అయిపోయి, మా ఎండీ వరహాలరాజుగారు తన కుర్చీ మీది తువ్వాలు తీసి కప్పాల్సొచ్చింది. ఆయన మనసు చివుక్కుమంది.

"తలుపులు చేసే కంపెనీ అయ్యుండి, పోయేవాళ్ళకి తలుపు వెయ్యలేకపోతున్నామా?" అని సభలోనే బాధపడ్డారు.

లెక్కల విభాగం మస్తాన్ వలీగారు సంస్థ పుట్టిన రోజు నుంచీ ఉన్నారు. ఆయన లేచి, "ఎందుకు మానేస్తున్నారో వాళ్ళనే అడిగితే చెప్తారేమోనండి" అన్నారు. జీతాలు పెరిగి ఏళ్ళయిందనీ, ఆదివారాలు కూడా పిలుస్తారనీ, క్యాంటీన్ ఉప్మాతో తలుపులు అతికించవచ్చనీ అక్కడున్న అందరికీ తెలుసు.

"మనుషుల్ని అడిగితే అభిప్రాయాలొస్తాయి వలీగారూ," అన్నారు ఎండీగారు. "మనకి కావాల్సింది డేటా."

అలా హైదరాబాదు నుంచి నిశ్చల్ సార్ వచ్చారు. ఉద్యోగుల గణాంకాలు చదివి ఎవరు ఎప్పుడు మానేస్తారో ముందే చెప్పే నిపుణుడు. ఆయన వచ్చిన వారానికి నమూనాల హాల్లో సమావేశం పెట్టారు. ఆ హాల్లో చుట్టూ గోడలకి ఆనించి అందమైన తలుపులుంటాయి. ఏదీ ఎటూ తెరుచుకోదు.

"సంస్థను వీడిన ప్రతి ఉద్యోగి చివరి రోజు ప్రవర్తననూ, వీడని ఉద్యోగుల ప్రవర్తననూ పోల్చి చూశాం," అని మొదలుపెట్టారు నిశ్చల్ సార్. "జీతాలతో సంబంధం ఉందేమో చూద్దామనుకున్నాం. అవి గోప్యమన్నారు. మేనేజర్ల తీరుతో సంబంధం ఉందేమో చూద్దామనుకున్నాం. మేనేజర్లు ఒప్పుకోలేదు. కనుక అందుబాటులో ఉన్న డేటా మీద దృష్టి కేంద్రీకరించాం. అది మీ గేటు కెమెరా."

టేకు ముక్కలు ఎవరైనా ఎత్తుకెళ్తారని పెట్టిన కెమెరా అది. మాటలు కూడా వింటుంది. ఎండీగారు తృప్తిగా తలూపారు.

"మానని ఉద్యోగి సాయంత్రం ఆరవగానే ఎవరి కంటా పడకుండా జారుకుంటాడు. మానే ఉద్యోగి అలా కాదు. చివరి రోజున ప్రతి బల్ల దగ్గరికీ వెళ్తాడు. కాజాల డబ్బా తెరుస్తాడు. ఒక మాట అంటాడు."

తెర మీద పెద్ద ఎర్రటి అక్షరాలు వెలిగాయి. వెళ్ళొస్తాను.

"ఈ మాటకీ, సంస్థను వీడటానికీ ఉన్న సంబంధం తొంభై నాలుగు శాతం. నా జీవితంలో ఇంత గట్టి సంబంధం చూడలేదు, నా పెళ్ళి సంబంధంతో సహా."

నేనొక్కదాన్నే నవ్వాను. ఎవరో అది కూడా రాసుకున్నారు.

వలీగారు చెయ్యెత్తారు. "అయ్యా, వెళ్ళొస్తాను అంటే వెళ్ళి మళ్ళీ వస్తాననే కదండీ?"

"అర్థాలు మా మోడల్‌లోకి రావు సార్. ఎన్నిసార్లు అన్నారన్నదే వస్తుంది. పోనీ మీరే చెప్పండి. అలా అని వెళ్ళినవాళ్ళలో ఎంతమంది తిరిగొచ్చారు?"

వలీగారు నిజాయితీగా ఆలోచించారు. "ఎవరూ రాలేదండి."

"అంటే ఆ మాట అబద్ధమని డేటా రుజువు చేసింది."

ఆ సాయంత్రమే గేటు స్తంభానికి ఒక యంత్రం బిగించారు. అది మాట వింటుంది. ఆ మాట వినబడితే ఎర్రదీపం వెలిగి కుయ్యిమంటుంది.

ఇక్కడ మా అమ్మమ్మ గురించి చెప్పాలి. మా ఇంట్లో "వెళ్తాను" అన్న మాట లేదు. బడికి బయల్దేరుతూ తొందరలో "వెళ్తానమ్మమ్మా" అంటే, వీధి మలుపు దాకా వచ్చి వెనక్కి పిలిచేది. కూర్చోబెట్టి, మంచినీళ్ళు తాగించి, సరిగ్గా చెప్పించి పంపేది. వెళ్తాను అంటే ఇక రాననే అని ఆమె లెక్క. అందుకని నేను సాయంత్రం ఆఫీసు నుంచి బయల్దేరేటప్పుడు అందరికీ చెప్తాను. వలీగారికి చెప్తాను. క్యాంటీన్‌లో చెప్తాను. గేటు దగ్గర వాచ్‌మన్ సింహాద్రి బాబాయ్‌కి చెప్తాను. ఆయన కాళ్ళ దగ్గర పడుకునే కుక్కకి కూడా చెప్తాను. పాపం, అది తోకాడిస్తుంది.

మర్నాడు నా కుర్చీకి ఎర్ర స్టిక్కరు అంటించి ఉంది. సిబ్బంది వ్యవహారాల మేనేజర్ భ్రమరాంబగారి నుంచి పిలుపు వచ్చింది.

"కూర్చోండి మృదులగారూ. మీ విషయమై సంస్థ ఆందోళన వ్యక్తం చేస్తోంది."

"ఎందుకండీ?"

"మీ నిష్క్రమణ సూచిక తొంభై ఏడు. నిన్న ఒక్క సాయంత్రమే సంస్థను వీడే ఉద్దేశాన్ని మీరు పలుమార్లు ప్రకటించారు. అందులో ఒకటి కుక్క సమక్షంలో."

"అది ఇంటికెళ్ళేటప్పుడండీ. అలవాటు."

"వీడిపోయినవాళ్ళందరూ ఇంటికే వెళ్ళారమ్మా." ఆమె కాగితం తిప్పారు. "ఇంకొకటి. మీరు పని వేళల్లో ఆనందంగా ఉంటున్నట్టు నమోదైంది. కూనిరాగాలు. ఫోన్లో నవ్వులు. నిపుణుడి ఛలోక్తికి కూడా నవ్వారు. కారణం?"

"కొత్తగా పెళ్ళైందండీ. మా ఆయన..."

"సంస్థకు సంబంధం లేని ఆనందం," అని ఆమె పైకి చదువుతూ రాసుకున్నారు. "చూడండి, నెలాఖరుకి మీ సూచిక ఇరవై లోపుకి దిగకపోతే పర్మినెంటు చెయ్యడానికి విధానం ఒప్పుకోదు. వెళ్ళిపోయేవారిని శాశ్వతం చెయ్యడం వనరుల దుర్వినియోగం."

"నేను వెళ్ళడం లేదండీ. పర్మినెంటు చెయ్యకపోతేనే వెళ్ళాలి."

"చూశారా, మీ నోటితో మీరే అన్నారు," అని తొంభై ఏడు కొట్టేసి తొంభై ఎనిమిది వేశారు.

సాయంత్రం మా ఆయన స్కూటర్ మీద వచ్చారు. చేతిలో కాగితం పొట్లంలో వేడివేడి మిరపకాయ బజ్జీలు. సంగతి విని, "ఆ మాట అనకుంటే పాయ గదా" అన్నారు.

"నోరు ఊరుకోదండీ. అమ్మమ్మ గుర్తొస్తుంది."

"అయితే మా పక్క మాట నేర్చుకో. పోయొస్తా."

"ఛీ! పోవడమేమిటండీ, కొత్తగా పెళ్ళై!"

"ఒస్తా అని కూడా ఉండాది గదా దాంట్లో. సగమే ఇంటావేమి?" అని నవ్వి, గేటు దగ్గర స్కూటర్ తిప్పుతూ, "పోయొస్తాం అన్నా" అన్నారు సింహాద్రి బాబాయ్‌తో. యంత్రం కిమ్మనలేదు. బజ్జీ కారంలో ఉన్న నేను అది పట్టించుకోలేదు.

రెండ్రోజులకి బోర్డు వెలిసింది. దాంతో పాటు సర్క్యులరూ వచ్చింది. "వెళ్ళొస్తాను, వెళ్ళొస్తానండీ, వెళ్ళొస్తాం మరియు తత్సమాన పదబంధములు నేటి నుండి నిషిద్ధములు. వీటి స్థానే ఉద్యోగులు గేటు వద్ద 'ఉంటాను' అని పలుకవలెను."

ఇది మాకు కష్టమనిపించలేదు. ఫోన్ పెట్టేసేటప్పుడు అందరం అనేది అదే కదా. ఆరు గంటలకి "ఉంటానండీ" అనేవాళ్ళు, "మరి ఉంటాం" అనేవాళ్ళు, ఒకరినొకరు తోసుకుంటూ పరుగున గేటు దాటారు. పచ్చదీపం వెలుగుతూనే ఉంది. ఎండీగారు గేటు పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డారు. కళ్ళు చెమర్చాయి. "వింటున్నారా నిశ్చల్‌గారూ? అందరూ ఉంటామంటున్నారు!"

ఆ వారం చివర్లో పాలిష్ విభాగం మొత్తం మానేసింది. ఒక్కొక్కరూ గేటు దగ్గర మర్యాదగా "ఉంటానండీ" అని చెప్పే వెళ్ళారు. వాళ్ళ మేస్త్రీ ఎండీగారికి స్వయంగా కాజా ఇచ్చి మరీ, "ఉంటాను బాబూ" అన్నాడట. ఎండీగారు "ఉండు, ఉండు" అని దీవించి కాజా తిన్నారు.

సమావేశంలో నిశ్చల్ సార్ ఏమాత్రం చలించలేదు. "డేటా పరిపక్వమవుతోంది," అన్నారు. "మాటలు మనల్ని తప్పుదారి పట్టించాయి. మాటలు వదిలేద్దాం. మానేసిన ప్రతి ఒక్కరూ, ఒక్క మినహాయింపు కూడా లేకుండా, చేసిన పని ఒకటుంది."

"ఏమిటది?" అన్నారు ఎండీగారు ముందుకు వంగి.

"గేటు దాటారు."

ఎండీగారు ఇంకాస్త ముందుకు వంగారు.

"నూటికి నూరు శాతం," అన్నారు నిశ్చల్ సార్ మెల్లగా.

ఎండీగారు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఆయన లేచారు కాబట్టి మేమూ లేచాం. వలీగారు మాత్రం సగం లేచి, "రోజూ సాయంత్రం మనమందరం దాటుతామండి" అన్నారు.

"ఆ ప్రమాద తీవ్రతను మీరైనా గుర్తించారు, సంతోషం."

దాంతో హామీ పథకం వచ్చింది. సాయంత్రం గేటు దాటదలచిన ఉద్యోగి, తనకు అత్యంత ప్రియమైనదాన్ని సంస్థ అదుపులో ఉంచి వెళ్ళాలి. దానికోసమైనా తిరిగొస్తాడని సిద్ధాంతం. ఆరయ్యేసరికి భ్రమరాంబగారి బల్ల ముందు వరస. వలీగారు పళ్ళసెట్టు ఇచ్చారు. "రాత్రిపూట ఎలాగూ తీసేస్తాను కదమ్మా," అన్నారు నాతో, అవి లేని నోటితో. ఒకాయన అత్తగారి ఫోటో తెస్తే భ్రమరాంబగారు తిప్పి పంపారు. "ఇచ్చేటప్పుడు మీ ముఖంలో బాధ కనిపించలేదు," అన్నారు.

నా వంతు వచ్చింది. ప్రియమైనది ఏమిటని అడిగారు. నిజం చెప్పేశాను. "మా ఆయనండీ."

ఆ బల్ల దగ్గర, నలుగురి ముందు, అధికారికంగా ఆ మాట అనడం ఎంత బాగుందో! భ్రమరాంబగారి ముఖం కూడా మొదటిసారి విప్పారింది. "ఇన్నాళ్ళకి ఒక నిజాయితీగల హామీ. మీ సూచిక దీంతో తగ్గే అవకాశం ఉంది," అన్నారు. అది వినగానే నాకు ఇంకేమీ వినబడలేదు.

మా ఆయన బజ్జీల పొట్లంతో గేటు దగ్గరికి రాగానే సింహాద్రి బాబాయ్ నమస్కారం పెట్టాడు. "అల్లుడుగారూ, తమరు లోపలికి దయచెయ్యాలండి. తమర్ని డిపాజిట్ చేశారండి, ఆయ్."

"ఏందన్నా? నన్ను డిపాజిట్ జేసింది ఎవురు?"

"అమ్మాయిగారేనండి."

ఆయన నావైపు చూశారు. "అత్యంత ప్రియమైనది ఇవ్వాలన్నారండీ. పర్మినెంటు కోసం..." అని గొణిగాను.

ఆయనకి కోపం రావాల్సిన చోట సిగ్గొచ్చింది. "అట్లయితే సరే," అని బజ్జీలు నా చేతిలో పెట్టి లోపలికి నడిచారు.

ఆ సాయంత్రం ఆటోలో ఒక్కదాన్నే ఇంటికెళ్ళాను. కుక్కర్ పెట్టాను. కూత కూసింది. చప్పట్లు కొట్టబోయి, చేతులు దించేశాను. పప్పు ఇద్దరికి వండానని తర్వాత చూసుకున్నాను.

పొద్దున్నే పరుగున వెళ్ళి విడిపించుకుందామంటే కుదరలేదు. భ్రమరాంబగారు వివరించారు. డిపాజిట్టుకి నంబరు కావాలి. కంప్యూటర్ ఉద్యోగులకి తప్ప నంబరు ఇవ్వదు. అందువల్ల రాత్రే ఆయన్ని ఉద్యోగుల జాబితాలో ఎక్కించారు. ఇప్పుడు ఆయన గేటు దాటాలన్నా తనకి ప్రియమైనదాన్ని హామీగా ఉంచాలి.

"నా పెండ్లాం," అన్నారు మా ఆయన, క్షణం తడుముకోకుండా. నా చెవులు వేడెక్కాయి.

"ఆమె ఇప్పటికే సంస్థ సిబ్బంది. సంస్థది సంస్థకే హామీ పెడితే ఆడిట్ ఒప్పుకోదు."

"ఇంకేమీ లేదు మేడం నా తావ."

దాంతో ఆయన లోపలే ఉండిపోయారు. రాత్రిపూట నమూనాల హాల్లో, నేల మీద పరిచిన ఒక టేకు తలుపు మీద పడుకునేవారు. పగలు ఊరికే కూర్చోలేక నా పక్కన కుర్చీ వేసుకుని ఫోన్లు తీసేవారు. "తలుపు రాలేదా అన్నా? మేమూ అట్లే ఉండాం ఈడ," అని ఆయన అంటుంటే అవతలివాళ్ళు తిట్టడం మరిచిపోయేవారు. పగలంతా పక్కపక్కన మేం బాగానే ఉండేవాళ్ళం. ఆరు గంటలు కొట్టిందంటే మాత్రం విడిపోవాల్సిందే. ఆయన కిటికీలోంచి చెయ్యి ఊపుతుంటే, నేను మాట్లాడకుండా గేటు దాటేదాన్ని. నాలుక చివర దాకా వచ్చిన మాటని మింగేసేదాన్ని. నెలాఖరు దాకా ఓర్చుకుంటే చాలనుకున్నాను.

నెలాఖరు వచ్చింది. సమావేశంలో నా సూచిక చదివారు. అరవై ఒకటి.

"ప్రశంసనీయమైన తగ్గుదల, కానీ చాలదు," అన్నారు భ్రమరాంబగారు. "మీరు వెళ్ళిపోయే ప్రమాదం ఉన్నందున సంస్థ మిమ్మల్ని ముందుగానే పంపించివేస్తోంది. విచారించకండి. దీన్ని నిష్క్రమణ కింద లెక్కించరు. నివారణ కింద లెక్కిస్తారు."

నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అనంతపురం, ఖాళీ ఇల్లు, తాళం, అన్నీ వరసగా కళ్ళ ముందు నిలిచాయి. మా ఆయన లేచి నా పక్కకి వచ్చి నిలబడ్డారు.

అప్పుడు నిశ్చల్ సార్ గొంతు సవరించుకున్నారు. "ఒక అపూర్వమైన ఫలితం కూడా ఉంది. ఒక ఉద్యోగి సూచిక సున్నా. నిషిద్ధ పదాలు సున్నా. గేటు దాటడం సున్నా. పాలిష్ విభాగం వెళ్ళిపోయిన ఈ నెలలోనే చేరి, ఒక్క రోజు కూడా, ఒక్క నిమిషం కూడా సంస్థను వీడలేదు. పేరు ఓబులేశు."

ఎండీగారు కుర్చీలోంచి దూకినంత పని చేశారు. ఎన్నాళ్ళకో ఉండేవాడికి కప్పే అవకాశం వచ్చిందని కొత్త శాలువా తెప్పించి మా ఆయనకి కప్పారు.

"మీరు ఏ విభాగం బాబూ?"

"నేను డిపాజిట్టు సార్."

"చాలా ముఖ్యమైన విభాగం," అన్నారు ఎండీగారు గంభీరంగా. "భ్రమరాంబగారూ, వెంటనే పర్మినెంటు చెయ్యండి."

మేం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. ఎవరి ఉద్యోగం ముందు పర్మినెంటైతే వాళ్ళ ఊళ్ళో కాపురం. ఆయన ఉద్యోగం కాకినాడలో పర్మినెంటైంది! నాకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. ఏ ఆనందం కింద రాసుకోవాలో తెలియక భ్రమరాంబగారు కలం పట్టుకుని అలాగే ఉండిపోయారు.

ఇక దాచుకోవాల్సిన సూచిక నాకు లేదు. గేటు దగ్గర ఆగి, నోరారా అన్నాను. "వెళ్ళొస్తాను బాబాయ్!"

ఎర్రదీపం వెలిగింది. యంత్రం కుయ్యిమంది. కుక్క తోకాడించింది. "ఇంకెక్కడొస్తారమ్మా," అన్నాడు సింహాద్రి బాబాయ్ దిగులుగా.

మర్నాడు మధ్యాహ్నం భోజనాల వేళకి క్యారేజీ పట్టుకుని గేటు దగ్గర దిగాను. క్యాంటీన్ ఉప్మాకి మా ఆయన్ని వదిలెయ్యలేను కదా.

నేను లోపలికి అడుగు పెట్టగానే నిశ్చల్ సార్ గదిలో ఏదో గణగణ మోగింది. ఆయన మెట్లు దిగి పరుగున వచ్చారు. "వెళ్ళొస్తాను అని చెప్పి, వెళ్ళి, తిరిగొచ్చిన మొట్టమొదటి వ్యక్తి మీరు. తిరిగి రావడానికి మా మోడల్‌లో గడి లేదు!" ఆయన నుదుటి మీద చెమట చూసి మజ్జిగ ఇచ్చాను. చివరికి ఆయన ఒక ఉపాయం కనిపెట్టారు. వెళ్ళడాన్ని ఒకటిగా లెక్కిస్తే, రావడం మైనస్ ఒకటి. నేను వెళ్ళడాన్ని ఎలాగూ నివారణ కింద రాసేశారు కనుక, వచ్చిన ప్రతిసారీ మైనసే. నేను రోజూ మధ్యాహ్నం వస్తున్నాను. చూస్తుండగానే సంస్థ నిష్క్రమణ రేటు సున్నా దాటి కిందికి దిగిపోయింది.

"సున్నా కంటే తక్కువ!" అని ఎండీగారు సభ పెట్టి ప్రకటించారు. "అంటే మన దగ్గర మానేసినవాళ్ళు కూడా మానెయ్యడం లేదు!" పక్క కంపెనీలవాళ్ళు బస్సు వేసుకుని మా గేటు చూడటానికి వచ్చారు.

ఈ ఆనందంలో నాకు మళ్ళీ పిలుపు వచ్చింది. తిరిగి ఉద్యోగంలోకి తీసుకుంటారేమో అనుకున్నాను.

"పొరపాటున కూడా చేరకండి," అన్నారు భ్రమరాంబగారు. "చేరితే లెక్క పాడవుతుంది. మిమ్మల్ని శాశ్వత మాజీ ఉద్యోగినిగా నియమిస్తున్నాం. పాత జీతమే. మీ విధి రోజూ రావడం, వెళ్ళొస్తాను అని చెప్పి వెళ్ళడం." ఆ ఉత్తర్వు ఇంట్లో పెళ్ళి ఫోటో పక్కన పెట్టాను. అందులో "శాశ్వత" అన్న మాట చూసినప్పుడల్లా బాగుంటుంది.

మా మొదటి పోట్లాట కూడా ఆ రోజుల్లోనే జరిగింది. సాయంత్రం ఇంటికి రావాలంటే మా ఆయన కూడా హామీ ఉంచాలి కదా. ఈసారి నేను సిబ్బంది కాదు కాబట్టి నన్ను రాయొచ్చు. తీరా చూస్తే ఆయన "క్యారేజీ" అని రాశారు.

"ఏమండీ, నాకంటే క్యారేజీ ప్రియమా?" అని మూతి ముడుచుకున్నాను.

"నిన్ను రాసింటే నువ్వు లోపల, నేను బయట. అదేమన్నా కాపురమా? ఖాళీ గిన్నెలు వాళ్ళనే పెట్టుకోనీ," అన్నారు. మరి ఇవ్వగానే కళ్ళలో నీళ్ళు ఎలా వచ్చాయని అడిగితే, ఆ రోజు గుత్తివంకాయ బాగుందన్నారు. అప్పుడు క్షమించాను. మర్నాడే రెండో క్యారేజీ కొన్నాం, ఎర్రపూల మూతది. దాన్ని షాపులో ఎంచుకోవడానికి గంట పట్టింది.

నిశ్చల్ సార్ ఇప్పుడు లేరు. పెద్ద జీతంతో ఇంకెక్కడో చేరారట. ఒక సాయంత్రం చేతిసంచీతో గేటు దగ్గరికొచ్చి, అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి, "పోయొస్తా సింహాద్రీ" అన్నారట. యంత్రం కిమ్మనలేదు. ఆ మాట ఆయనకి ఎవరు నేర్పారని అడిగితే మా ఆయన బజ్జీ నములుతూ ఆకాశం వైపు చూస్తారు. యంత్రం లెక్కలో నిశ్చల్ సార్ ఇంకా మా దగ్గరే ఉన్నారు. సూచిక సున్నా. కిందటి వారం ఆయనకి ఆదర్శ ఉద్యోగి శాలువా ప్రకటించారు.

మూడో బోర్డు ఇంకా ఉంది. చివర చిన్న అక్షరాలతో ఒక ముక్క చేర్చారు: "మృదులగారు మినహా".

ఆ ముక్క వల్ల నాకు సాయంత్రం పని పెరిగింది. ఆరయ్యేసరికి మా ఆయన స్కూటర్ వెనక ఎక్కి కూర్చుంటాను. వలీగారు వచ్చి హ్యాండిల్ పట్టుకుంటారు. "ఇంట్లో చెప్పకుండా లేచిపోయినట్టుంటోంది తల్లీ. నాది కూడా కలిపి అనెయ్యమ్మా," అంటారు, పళ్ళసెట్టు లేని నోటితో. వెనకాల క్యాంటీన్ వాళ్ళు, లారీల వాళ్ళు, ఒక్కోరోజు భ్రమరాంబగారు కూడా, ఏమీ ఎరగనట్టు నా చుట్టూ నిలబడతారు.

నేను అందర్నీ ఒకసారి చూసుకుని, మా అమ్మమ్మకి కూడా వినబడేట్టు గట్టిగా అంటాను.

"వెళ్ళొస్తాం బాబాయ్!"

ఎర్రదీపం వెలుగుతుంది. యంత్రం కుయ్యిమంటుంది. సింహాద్రి బాబాయ్ లేచి నిలబడి, "మంచిదమ్మా, వెళ్ళి రండి" అంటాడు. అప్పుడు అందరూ, తొందరేమీ లేనట్టు, గేటు దాటుతారు.